సామ్రాజ్ఞి అన్నారు, కూలి సంగతి మరిచారు

విఠాబాయి పేరు పూర్తిగా రాద్దాం. విఠాబాయి భావు మాంగ్ నారాయణ్‌గావ్‌కర్ (1935-2002). ఆ పేరులో తండ్రి ఉన్నాడు, పుణె జిల్లాలోని ఊరు ఉంది, నడిమధ్యన కులం ఉంది. తమాషా మేళం పెట్టింది తాత నారాయణ్ ఖుడే, నడిపింది తండ్రి భావు, బాబాయి బాపు. మాంగ్ అన్న మాటను దాచుకోకుండానే ఆ కుటుంబం మరాఠీ జనాన్ని మెప్పించింది. ఈ సంగతి మాదిగవాడల నుంచి వచ్చిన మనకు ఊరికే పోయేది కాదు.

తమాషా అంటే ఒట్టి చిందులాట కాదు. గణతో మొదలై గవళణ, లావణి దాటి వగ్ అనే నాటకం దాకా సాగే రాత్రి పొడుగు ఆట. ఢోల్కీ, హల్గీ, తుణ్‌తుణే మోగుతుంటే నటి పాడాలి, ఆడాలి, మాటకు మాట అప్పటికప్పుడు అల్లాలి. రాసిచ్చిన మాటలు తక్కువ. జనం నాడి పట్టి ఆటను పెంచాలి, కుదించాలి. ఇది మేధతో చేసే పని. కానీ దీనికి విద్వత్తు అన్న పేరు ఎవరిచ్చారు?

బాల గంధర్వను (1888-1967) చూడండి. బ్రాహ్మణ పురుషుడు సంగీత నాటకంలో ఆడవేషం కడితే ఆ చీరకట్టు, నడక, పాట అన్నీ ఉన్నత కళ అయ్యాయి. 1964లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన గొప్పతనాన్ని నేను కాదనడం లేదు. అదే ఆడతనం దళిత స్త్రీ రంగం మీద చూపిస్తే ‘అశ్లీలం’ ఎట్లా అయింది? శైలజా పాయిక్ 2022లో వచ్చిన తన పుస్తకం ‘ది వల్గారిటీ ఆఫ్ కాస్ట్’లో అడిగింది ఈ ప్రశ్నే.

విఠాబాయికి పొగడ్తలు తక్కువేం కాదు. ‘తమాషా సామ్రాజ్ఞి’ అన్నారు. 1957లోనూ 1990లోనూ రాష్ట్రపతి చేతుల మీదుగా గౌరవాలు అందాయి. అందరూ చెప్పే కథ ఒకటుంది. నిండు చూలాలుగా ఆడుతుండగా నొప్పులొచ్చాయి. తెర వెనక్కి పోయి కన్నది, బొడ్డుతాడు రాయితో తెంపుకుంది, మళ్లీ ఆటకు వచ్చింది. ఆమె పొట్ట చూసి జనానికి సంగతి అర్థమై, విశ్రాంతి తీసుకోమన్నారు. దీన్ని కళాంకితభావం అని రాసి చేతులు దులుపుకుంటారు. మా అమ్మ నాట్లేస్తూ నొప్పులు పడి గట్టు మీద నన్ను కన్నది. ఆమెను ఎవరూ సామ్రాజ్ఞి అనలేదు. ఈ కథ చెప్తే అమ్మ ఒకటే మాట అడిగింది: ‘ఆ దినం ఆట ఆపితే కూలి ఎవలిస్తరు బిడ్డా?’ యూనివర్సిటీలో నేను చదివిన విమర్శలో ఈ ప్రశ్న లేదు.

మనల్ని మనం కూడా అడుక్కోవాలి. పఠ్ఠే బాపూరావు తమాషా డబ్బును విరాళంగా ఇవ్వబోతే, మహార్ స్త్రీలను ఆడించి సంపాదించిన సొమ్ము వద్దని అంబేడ్కర్ తిప్పి పంపాడంటారు. బాపూరావు బ్రాహ్మణ కవి. ఆయన మేళంలో పేరుపొందిన పవళాబాయి మహార్ స్త్రీ. అంబేడ్కర్ కోపం ఆ దోపిడీ మీద. మనలో కొందరు దాన్ని ఆడిన స్త్రీల మీద సిగ్గుగా మార్చుకున్నారు. దోపిడీని తిట్టాలి, ఆమె విద్యను లెక్కగట్టాలి. రెండూ ఒకేసారి చేయడం కష్టమే, అయినా తప్పదు.

చివరి రోజుల్లో విఠాబాయి ఆస్పత్రి బిల్లులు దాతలు కట్టాల్సి వచ్చింది. ఆమె పోయాక, 2006లో, మహారాష్ట్ర ప్రభుత్వం ఆమె పేరున జీవిత సాఫల్య పురస్కారం పెట్టింది. బతికినప్పుడు మందులకు లేని డబ్బు పోయినాక బిరుదుకు దొరికింది.

మన చిందు ఆడబిడ్డల గురించి రాయబోయే విద్యార్థులకు నాదొక్క మనవి. ‘అద్భుతం’ అని రాసే ముందు ఆమె ఏ రాగం ఎట్లా ఎత్తుకుందో, ఏ మాట ఎక్కడ విరిచిందో రాయండి. ఆ పక్కనే ఆ రాత్రి ఆమె చేతికి ఎంత ముట్టిందో కూడా రాయండి.