రంగుపొరల క్రింది గొళ్ళెము

మన పాత యిండ్ల తలుపులకును కిటికీలకును గల గొళ్ళెములు, గడియలు, మడత బందులు నేడు పెక్కుచోట్ల తమ రూపమును కోల్పోయి రంగుముద్దలవలె కన్పట్టుచున్నవి. పండుగకో పెండ్లికో తలుపునకు వేసిన రంగునే మనము వాని మీదను పూయుచు వచ్చితిమి. అది ఇత్తడియో ఇనుమో తెలియదు, మర తిరుగదు, గడియ పడదు. విసిగి పాత సామానులవానికి తూచి యిచ్చుచున్నాము. ఆ తూకముతో ఎంతటి చరిత్ర పోవుచున్నదో తలచువారు తక్కువ.

పూర్వము మన తలుపులకు పెక్కింటికి మడత బందులు లేవు. తలుపు చెక్కకే పైనను క్రిందను బొడిపెలు తీర్చి, గుంటలలో నిలిపి త్రిప్పెడివారు. ప్రాచీన దేవాలయముల రాతి ద్వారబంధములలో అట్టి గుంటలను నేటికిని చూడవచ్చును. పోతయినుప మడత బందులకు ఇంగ్లండులో 1775లో పేటెంటు లభించినది. పిమ్మట బర్మింగ్‌హామ్ సరకు ఓడలపై మన రేవులకును వచ్చినది.

ఈ సామాను వయస్సును చెప్పునది మరమేకు. 1840 ప్రాంతమునకు పూర్వపు మరమేకులకు సాధారణముగా మొన లేదు. ముందుగా రంధ్రము తొలిచి దింపవలసినదే. మొన గల మేకునకు అమెరికాలో 1846లో థామస్ స్లోన్ పేటెంటు పొందెను. అమెరికా హక్కులను కొని 1854లో నెటిల్‌ఫోల్డ్ సంస్థ బర్మింగ్‌హామ్ చెంత అట్టివాని తయారీకి పూనుకొనెను. కాన మొద్దుకొన మేకు దొరికినచో ఆ బందు మిక్కిలి పాతదని ఊహింపవచ్చును. మొన ఉన్నంత మాత్రమున క్రొత్తదని మాత్రము తేల్చరాదు. నడుమ ఏ వడ్రంగియో మేకు మార్చియుండవచ్చును.

ఇక రంగు సంగతి. వెనుకటి తెల్లరంగులో సఫేదాయు, ఇనుముపై తొలిపూతలో సింధూరమును వాడెడివారు. రెండును సీసపు పదార్థములే. ఇండ్ల రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని మన దేశములో నిబంధన వచ్చినది 2016లోనే. సీసపు ధూళి పసిపిల్లల మెదడునకు చేటు. కావున పాత రంగును మంటతో కాల్చుటయు, పొడిగా గరుకుకాగితముతో రుద్దుటయు కూడని పనులు. పిల్లలను, గర్భిణులను ఆ చోటికి రానీయరాదు.

మేకు తలలోని గాడిని ముందు శుభ్రపరచి, మర విప్పి, ఏది ఏ తలుపుదో గుర్తు పెట్టుకొనవలెను. వంటకు మరల వాడని గిన్నెలో వేడినీట కొన్ని గంటలు నాననిచ్చినచో పొరలు ఉబ్బి సడలును. తడిగా నున్నప్పుడే వెదురుపుల్లతో ఊడదీయవచ్చును. ఆ పెచ్చులను పొట్లము కట్టవలెను గాని, ఆ నీటిని నూతి దాపునను కూరపాదులకును పోయరాదు. అయస్కాంతము పట్టినచో లోన ఇనుమే. వెంటనే ఎండబెట్టి పలుచగా నూనె పూయవలెను. ఇత్తడికి చింతపండు చాలును. అద్దమువలె తోముట మాకు రుచింపదు. చేతుల రాపిడిచే అరిగిన నునుపే దాని అందము. పిదప ఏ బందును ఆ తలుపునకే బిగింపవలెను. ఏండ్ల తరబడి అవి ఒకదానితో ఒకటి ఒరసికొని ఒదిగినవి. తారుమారైనచో తలుపు గడపను రాచుకొనును.