విత్తనం ఎక్కడ మొలుస్తుంది? – పిత్తాశయంలో మూత్రపిండపు కాన్సర్

ఒక రోగి పిత్తాశయంలో చిన్న గడ్డ కనిపించింది, శస్త్రచికిత్స చేసి తీశారు అనుకోండి. సూక్ష్మదర్శిని కింద చూస్తే అవి మూత్రపిండపు కాన్సర్ కణాలు! ఆ మూత్రపిండాన్ని ఏనాడో, ఒక్కోసారి పదేళ్ల కిందటే తొలగించి ఉంటారు. అరుదే గాని, ఇలాంటి కేసులు వైద్య పత్రికలలో ఎన్నో ఉన్నాయి.

మూత్రపిండం నుంచి బయలుదేరిన రక్తం గుండె కుడి భాగానికి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. కాబట్టి ఈ కాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంలో వింత లేదు. పిత్తాశయం చేరాలంటే మాత్రం కణాలు ఊపిరితిత్తుల కేశనాళికలను దాటి, గుండె ఎడమ భాగం గుండా ఒక సన్నని ధమనిలోకి రావాలి. మరి దారిలో ఉన్న పెద్ద అవయవాలను వదిలి ఇక్కడికెందుకు?

ఇలాంటి ప్రశ్ననే లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ 1889లో 'లాన్సెట్' పత్రికలో లేవనెత్తాడు. రొమ్ము కాన్సర్‌తో మరణించిన 735 మంది శవపరీక్షల వివరాలు ఆయన పోగుచేశాడు. వారిలో 241 మందికి కాలేయంలో గడ్డలున్నాయి, ప్లీహంలో 17 మందికే. ప్లీహానికి వెళ్లే ధమని చిన్నదేమీ కాదు. అందుకే కాన్సర్ కణాన్ని విత్తనంతోను, అవయవాన్ని నేలతోను పోల్చాడు. ఏ నేలలో ఏ పంట వస్తుందో రైతుబిడ్డలకు వేరే చెప్పాలా?

1928లో అమెరికా రోగనిర్ధారణ శాస్త్రవేత్త జేమ్స్ ఈవింగ్ దీన్ని ఒప్పుకోలేదు. రక్తప్రవాహమే అంతా నిర్ణయిస్తుందన్నాడు. ఆయన మాటే చాలాకాలం చెల్లింది. 1980లో ఇయాన్ హార్ట్, ఐజయా ఫిడ్లర్ ఎలుకల తొడ కండరంలో ఊపిరితిత్తి, అండాశయం, మూత్రపిండాల ముక్కలను అతికించి, మెలనోమా కణాలను రక్తంలోకి ఎక్కించారు. మొదటి రెండింటిలో గడ్డలు పెరిగాయి, మూత్రపిండపు ముక్కలో పెరగలేదు. పేజెట్ మాటకు మళ్లీ బలం వచ్చింది. నా దృష్టిలో ఊపిరితిత్తుల విషయంలో ఈవింగ్ లెక్క సరిపోతుంది, పిత్తాశయం దగ్గరే తప్పుతుంది.

ఇక్కడొక తమాషా ఉంది. ఈ కాన్సర్ కణాలలో కొవ్వు, గ్లైకోజెన్ నిండి ఉంటాయి. స్లైడు తయారుచేసేటప్పుడు అవి కరిగిపోయి కణం తెల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. 1883లో జర్మన్ వైద్యుడు పాల్ గ్రావిట్జ్ ఆ రూపాన్ని చూసే, ఇవి అధివృక్క గ్రంథి కణజాలం నుంచి పుట్టాయని పొరబడ్డాడు. నేడు పిత్తాశయపు గడ్డలో ఆ తెల్లని కణాలే వైద్యుని అనుమానానికి మొదటి ఆధారం. వెంటనే ఆయన "మీకు ఎప్పుడైనా మూత్రపిండం తీశారా?" అని అడిగిస్తాడు. పిత్తాశయంలోనే పుట్టిన కాన్సర్‌కు, మూత్రపిండం నుంచి వచ్చినదానికి చికిత్స వేరు. వచ్చిన గడ్డ అదొక్కటే అయితే, దాన్ని పూర్తిగా తీసివేశాక ఏళ్ల తరబడి బతికినవారున్నారు.