పైలట్లు అమ్మేసిన పడవలు

1954లో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో, పాల్మా రేవులో ఉన్న ఒక పాత తెరచాప పడవ చేతులు మారింది. దాని పేరు మిస్చిఫ్. పొడవు 45 అడుగులు, వెడల్పు 13, నీళ్లలో ఏడున్నర అడుగుల లోతు దిగుతుంది. 1906లో కార్డిఫ్‌లో కట్టిన పడవ కాబట్టి అప్పటికి దానికి 48 ఏళ్లు. కొన్నాయనకు 56. ఆయన హెచ్.డబ్ల్యూ. టిల్‌మన్. 1936లో మన నందాదేవి శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇద్దరిలో ఒకరు, రెండేళ్ల తర్వాత ఎవరెస్ట్ యాత్రకు నాయకుడు. హిమాలయాల ఎత్తులు ఇక తన వల్ల కావని తోచాక, సముద్రం మీదుగా వెళ్తే తప్ప చేరలేని కొండల మీద మనసు పడ్డారు. ఆ కొండల దాకా తీసుకుపోయే పడవ కావాలి. చేతిలో ఉన్న డబ్బుకు కొత్తది రాదు.

అర్ధశతాబ్దం వాడేసిన కొయ్య పడవను నమ్మి దక్షిణ ధ్రువం వైపు బయల్దేరడానికి ఎంత ధైర్యం కావాలి అనిపిస్తుంది. కానీ మిస్చిఫ్ పుట్టుక తెలిసినవాళ్లకు ఆ నమ్మకంలో వింత కనిపించదు.

అది బ్రిస్టల్ చానల్ పైలట్ పడవ. ఇక్కడ పైలట్ అంటే ఓడకు దారి చూపే మనిషి. పరాయి రేవుకు వచ్చిన కెప్టెన్‌కు అక్కడి లోతులు, ఇసుక మేటలు, నీటి లాగుడు తెలియవు. ఆ నీళ్లు కరతలామలకంగా తెలిసిన పైలట్ ఓడ ఎక్కి లోపలికి తీసుకొస్తాడు. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి విశాఖ లోపలి రేవుకు వచ్చే పెద్ద ఓడలు ఇవాళ్టికీ పైలట్ ఎక్కాకే ఆ ఇరుకు దారిలోకి అడుగుపెడతాయి. ఇంగ్లండుకూ వేల్స్‌కూ నడుమ ఉన్న బ్రిస్టల్ చానల్‌లో ఈ అవసరం మరీ ఎక్కువ. ప్రపంచంలో అతి పెద్ద ఆటుపోట్లు వచ్చే చోట్లలో అదొకటి. ఏవన్‌మత్ దగ్గర ఒక్కోసారి నీళ్లు 14 మీటర్ల దాకా లేచి, అంతా దిగిపోతాయి. నాలుగంతస్తుల మేడ ఆరేడు గంటల్లో మునిగి, మరో ఆరేడు గంటల్లో మళ్లీ తేలినట్టు.

19వ శతాబ్దంలో కార్డిఫ్ బొగ్గు కోసం వచ్చే ఓడలు పెరిగేకొద్దీ పైలట్ల మధ్య పోటీ పెరిగింది. ఎవరి పడవ వాళ్లది, ఎవరి సంపాదన వాళ్లది. ఓడను ముందు అందుకున్నవాడికే పని. రేవులో కూర్చుంటే పూట గడవదు. అందుకే లండీ దీవి దాటి, ఒక్కోసారి ఇంగ్లండు నైరుతి కొస లాండ్స్ ఎండ్ దాకా ఎదురెళ్లేవాళ్లు. శీతకాలపు గాలివానలో రోజుల తరబడి నడిసముద్రంలో కాచుకుని ఉండేవాళ్లు.

పడవలో ఉండేది ముగ్గురే. పైలట్, ఒక మనిషి, పని నేర్చుకుంటున్న ఒక కుర్రాడు. ఓడ కనబడగానే చిన్న తెడ్ల పడవ దించి, ఆ అలల్లోనే పైలట్‌ను ఓడ పక్కకు చేర్చేవాళ్లు. ఆయన తాళ్ల నిచ్చెన పట్టుకుని ఎక్కిపోయేవాడు. ఇక ఆ పెద్ద పడవను మిగిలిన ఇద్దరే ఇంటికి చేర్చాలి. ఆ ఇద్దరిలో ఒకడికి ఇంకా మీసాలు కూడా వచ్చి ఉండవు.

పడవ రూపమంతా ఈ పనిలోంచే వచ్చింది. ఇద్దరే నడపాలి కాబట్టి తెరచాపల ఏర్పాటు సులువుగా ఉండాలి. గాలి హెచ్చితే, చాప కింది దూలాన్నే గిర్రున తిప్పి చాపను చుట్టబెట్టుకోవచ్చు. ఓడ కోసం కాచుకోవాలి కాబట్టి, చుక్కాని కట్టేసి వదిలినా అలల మీద బుద్ధిగా నిలబడాలి. అడుగున ముందు నుంచి వెనక దాకా సాగే పొడుగాటి దూలం, అంటే కీలు, పడవను దారి తప్పనివ్వదు. ఓక్ కొయ్య పక్కటెముకలు, వాటి మీద చేవగల పైన్ పలకలు, లోపల పడుకోవడానికి చోటు, వంటకు పొయ్యి. సముద్రయానానికి పడవ కొనేవాడు కోరుకునే గుణాలన్నీ ఇవే. ఆ పైలట్లలో ఎవరూ విహారం కోసం వాటిని కోరుకోలేదు. కడుపు కోసం కోరుకున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందూ వెనకా పైలట్లు ఒకరితో ఒకరు పోటీ పడటం మానేసి జట్లుగా ఏర్పడ్డారు. కార్డిఫ్‌లో అది 1913లో జరిగింది. ఒక్క ఆవిరి పడవ పదిమంది పని చేయగలిగాక తెరచాపల పడవలు ఎందుకు? వరసగా అమ్మకానికి పెట్టేశారు. కొన్ని బురదలో కాపురం ఉండే ఇళ్లయ్యాయి, కొన్ని అక్కడే చివికిపోయాయి. మిగిలినవి సముద్రం మీద మోజున్న కుర్రాళ్ల చేతికొచ్చాయి. అలా కొన్నవాళ్లలో ఫ్రాంక్ కార్ ఒకరు. 1904లో కట్టిన కారియాడ్‌ను, 1922 దాకా పైలట్ పని చేసిన పడవను, ఆయన తీసుకున్నారు. ఆ తర్వాత గ్రీనిచ్‌లోని జాతీయ సముద్ర మ్యూజియానికి డైరెక్టరై, కటీ సార్క్ అనే పాత తెరచాప ఓడ నాశనం కాకుండా కాపాడినవాళ్లలో ముఖ్యుడయ్యారు.

ఇంగ్లిష్ చానల్ అవతలి ఒడ్డున, ఫ్రాన్స్‌లోని లహావ్ర్ రేవుదీ ఇదే కథ. 1913లో అక్కడ కట్టిన 56 అడుగుల పైలట్ పడవ జోలీ బ్రీజ్‌కు పుట్టిన కొద్ది కాలానికే పని పోయింది. కొన్నాళ్లు చేపల వేటకు వెళ్లింది. 1923లో ఇ.జి. మార్టిన్ దాన్ని కొన్నారు. రెండేళ్లకు, 1925లో, ఫాస్ట్‌నెట్ అనే తెరచాప పడవల పందెం మొదటిసారి పెడితే ఏడు పడవల్లో గెలిచింది ఆ పాత పైలట్ పడవే. 1929, 1930లలో మళ్లీ గెలిచింది. 1932 బెర్ముడా పందెంలో ఏడ్రియానా అనే పడవ రాత్రిపూట అంటుకుంటే, దాని పక్కకు వెళ్లి పదిమందిని దించుకొచ్చింది. ఒక్కరిని మాత్రం సముద్రం తీసుకుపోయింది.

ఇలాంటి పడవను కొనేవాడు చూడాల్సింది రంగూ పేరూ కాదు. ఉప్పునీళ్లలో ఏళ్ల తరబడి నానినా ఓక్ కొయ్య నిలుస్తుంది. డెక్ సందుల్లోంచి చుక్కచుక్కగా దిగే వాననీళ్లకే కుళ్లుతుంది. అందుకే తనిఖీకి వచ్చిన సర్వేయర్ చిన్న సుత్తి పట్టుకుని దూలాల కొసలు తడతాడు. గట్టి కొయ్య ఖంగుమంటుంది, పుచ్చింది బొదబొదలాడుతుంది. ఆ తర్వాత కీలును పట్టి ఉంచే ఇనప బోల్టుల్లో ఒకటి రెండు ఊడదీయిస్తాడు. పైనా కిందా చూస్తే బోల్టు తల నిక్షేపంలా ఉంటుంది. బయటికి లాగాకే అసలు సంగతి తెలుస్తుంది. రెండు కొయ్యల మధ్య నీరు చేరే చోట తినేసి, బొటనవేలంత లావున్న ఇనుము నడుం దగ్గర పెన్సిలంత మిగిలి ఉండవచ్చు. ఓక్‌లోని వగరు ఇనుమును తింటుంది. తుప్పు తిరిగి కొయ్యను తింటుంది. ఒక్క బోల్టు అలా వస్తే మిగతావన్నీ తీయాల్సిందే. బేరం అక్కడ తేలిపోతుంది.

మరో లెక్క కూడా ఉంది. దాన్ని చాలామంది కొన్నాకే వేసుకుంటారు. పడవ పొడవు రెట్టింపైతే, అన్ని కొలతలూ అలాగే పెరిగితే, బరువు ఎనిమిది రెట్లవుతుంది. లంగరు, మోకులు, చాపలు, రంగు, ఏటా ఒడ్డుకెక్కించే కూలి కూడా బరువు వెంటే పోతాయి. ముసలి పడవ ధర తగ్గుతుంది గానీ ఈ ఖర్చు తగ్గదు. పైలట్ దగ్గర ఆ ఖర్చును పడవ సంపాదనే భరించేది. కొత్త యజమాని దగ్గర అది జేబులోంచి పోవాలి. అందుకే ఎన్నో మంచి పడవలు తుఫానులో మునగలేదు. కట్టేసిన చోటే, తాడు విప్పేవాడు లేక పోయాయి.

టిల్‌మన్ మాత్రం తాడు విప్పుతూనే ఉన్నారు. మిస్చిఫ్‌లో 1955లో పటగోనియాకు వెళ్లి అక్కడి మంచు మైదానాన్ని కాలినడకన దాటారు. ఆఫ్రికా చుట్టి వచ్చారు. క్రోజే, కెర్గెలెన్ దీవులు చూశారు. గ్రీన్‌లాండ్‌కు మళ్లీ మళ్లీ వెళ్లారు. 1968లో యాన్ మాయెన్ దీవి దగ్గర పడవ రాతికి తగిలింది. ఒడ్డుకు చేర్చాక మంచు గడ్డలు నలిపేశాయి. నార్వే ఓడ ఒకటి తాడు కట్టి లాక్కుపోతుండగా మునిగిపోయింది. డెబ్బై ఏళ్ల టిల్‌మన్ ఏం చేశారు? మళ్లీ పైలట్ పడవనే కొన్నారు. ఈసారిది ఇంకా పాతది, 1899 నాటి సీ బ్రీజ్. 1972లో అదీ గ్రీన్‌లాండ్ రాళ్ల పాలైంది. మూడోది 1902 నాటి బరోక్. రెండు పడవలు పోగొట్టుకున్న మనిషి మూడోసారీ అదే జాతి దగ్గరికి వెళ్లారంటే, ఆ పడవలకు ఇంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం కనిపించదు. చివరికి 1977లో ఆయన వెళ్లింది మాత్రం వేరొకరి పడవలో, టగ్‌ను మార్చి చేసిన ఆన్ అవాన్‌లో. అది రియో నుంచి ఫాక్‌లాండ్స్‌కు బయల్దేరి, అందరితో సహా కనిపించకుండా పోయింది.

బ్రిస్టల్ చానల్ పడవల్లో ఇప్పుడు మిగిలినవి ఇరవై లోపే. వాటిలో ఓల్గా స్వాన్‌సీ మ్యూజియం చేతిలో ఉంది. పాతవి దొరక్క, కార్న్‌వాల్‌లో ల్యూక్ పావెల్ లాంటి వడ్రంగులు పైలట్ పడవల తీరులో కొత్తవి కట్టారు. జోలీ బ్రీజ్‌ను 1977 నుంచి నడుపుతున్నది ఇంగ్లండులోని డాంట్సీస్ అనే బడి. ఎండాకాలం పిల్లలే తెరచాపలు ఎత్తుతారు. చలికాలం వచ్చేసరికి అదే పిల్లలు పాత వార్నిష్ గీకి, కొయ్యను నున్నగా రుద్ది, మళ్లీ పూత వేస్తారు.