పొంతనపు లెక్క

వధూవరుల పొత్తు గణితమునకు లొంగునా? పురోహితుఁడు పంచాంగము విప్పి పొంతనము చూచుట ఈ ప్రశ్నకు మనవారు చిరకాలముగా ఇచ్చుచున్న ఉత్తరమే. వర్ణమునకు 1, వశ్యమునకు 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణమునకు 6, రాశికి 7, నాడికి 8. వెరసి 36 గుణములు. 18 వచ్చినఁ జాలునందురు.

ఈ ఎనిమిదింటికిని మూలము జననకాలమునఁ జంద్రుఁడున్న తావొక్కటే. అన్నింటను బరువైన నాడినే చూతము. 27 నక్షత్రములను మూఁడు నాడులకు తొమ్మిదేసి చొప్పునఁ బంచిరి. కావున ఏ యిద్దఱిని తెచ్చి నిలిపినను ఏకనాడి యగుటకు ఇంచుమించు మూఁట నొక పాలు అవకాశము కలదు. అనఁగా పిల్లవాని నడవడిని గాని పిల్ల మనస్సును గాని విచారింపకమున్నే, మూఁడవవంతు సంబంధములు 8 గుణములు పోఁగొట్టుకొనును. పిమ్మట పరిహారము చెప్పి కలుపుటయుఁ గలదనుకొనుఁడు!

లెక్క తెలిసిన తండ్రులకు మాత్ర మేమి సాగినది? భాస్కరాచార్యుఁడు 1150లో లీలావతిని రచించెను. కూఁతు పెండ్లికి ఆయన గుణించిన ముహూర్తము, ఘటికాయంత్రపు రంధ్రమున ముత్యము అడ్డుపడి తప్పిపోయెనని కథ. ఇది ఆయన గ్రంథమున లేదు. 1587 నాఁటి ఫైజీ పారసీకానువాదమునఁ గలదు. కథయే యైనను, ఆ బాలిక యేమి కోరెనో అందొక్క మాటయు లేదు.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆనాఁటి బాలవితంతువులలో పొంతనము చూడక పెండ్లి చేయఁబడినవా రెందఱుందురు?

1962లో గేల్, షేప్లీ అను అమెరికా గణితజ్ఞులు వేఱొక లెక్క కట్టిరి. వరులును వధువులును ఎవరికి వారు ఎదుటివారిని ఇష్టక్రమమునఁ బట్టికగా వ్రాయవలెను. వరులు వరుసగా అడుగుదురు. వధువు తన్నడిగినవారిలో మేలైనవానిని నిలిపియుంచి తక్కినవారిని పంపివేయును. వారు తమ పట్టికలోని తరువాతి వధువు నడుగుదురు. తుదకు తమ జోడును విడిచి ఒండొరులను కోరుకొను ఇద్దఱు మిగులరు. ఐతే అడిగిన పక్షమువారికి, ఇట్లు నిలుకడగల జతలలో దొరకఁగలిగిన మిక్కిలి మేలైన జోడు దొరకును. అడుగఁబడిన పక్షమునకు మిక్కిలి తక్కువైనది. మన పెండ్లిచూపులలో అడుగువారెవరో, చాప మీఁదఁ దలవంచుకొని కూర్చుండువారెవరో చదువరు లెఱుఁగుదురు.

మా యిబ్రహీంపట్టణపు పిల్లలకు నల్లబల్లపై మువ్వురు వరులతో, మువ్వురు వధువులతో దీనిని చేసి చూపితిని. వరులందఱికి మొదటి కోరిక దక్కినది, వధువులకు మూఁడవది. “ముందు మేమడిగిన నేమగునండీ?” అని ఒక బాలిక లేచి, సుద్దముక్క తీసికొని, పట్టికలు మార్చకయే లెక్క తిరుగఁజేసినది. ఈ మాఱు మొదటి కోరిక వధువులది, మూఁడవది వరులది.