ఫౌలాద్ మీద ఏతబార్

ఛురీ తయారుచేయడం నేర్చుకోవాలని సరదాపడే నౌజవాన్లు మా హిందూపురంలో కొందరున్నారు. వాళ్ల మొదటి సవాల్ ఒకటే: "భాయ్, భరోసా ఉన్న ఉక్కు ఎక్కడ దొరుకుతుంది?" సుత్తి, కొలిమి, ఆకురాయి ఎలాగో సంపాదించుకుంటారు. ఉక్కు దగ్గరే ఆగిపోతారు. తవారీఖ్ తిరగేస్తే ఈ సవాల్ మనకంటే చాలా పాతదని తెలుస్తుంది. దీని జవాబు వెతుక్కుంటూ ఒక సౌదాగర్ ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి తెలంగాణ దాకా వచ్చాడు.

ఆయన పేరు హాజీ హుసేన్. 1820ల తొలినాళ్లలో హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టర్, లాంబ్టన్ సర్వేలో భూగర్భ శాస్త్రజ్ఞుడు, నిజాం ఇలాకాలోని కోనసముద్రం వెళ్లినప్పుడు ఆయన్ని అక్కడే చూశాడు. ఆ ఊరు ఇప్పటి నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో ఉంది. వాయిసీ రాసినది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కోనసముద్రం కారీగర్లు రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును లెక్క ప్రకారం కలిపి, మట్టి మూసల్లో మూసిపెట్టి, గంటల తరబడి తిత్తులు ఊది కరిగించేవారు. హాజీ దగ్గరుండి తూకం చూసుకునేవాడు, తయారైన ఉక్కు ముద్దను స్వయంగా పరీక్షించేవాడు. ఈ హునర్‌ను తమ ముల్క్‌లో నకలు చేయాలని చూసి ఇరానీలు నాకామయ్యారని కూడా ఆయనే చెప్పాడు.

ఇక్కడ నాకు కనిపించే సబక్ ఇది. ఆ రోజుల్లో సర్టిఫికెట్ లేదు, మొహర్ లేదు. కోనసముద్రం పేరు ఎంత మషూర్ అయినా హాజీ పేరును నమ్మి ఊరుకోలేదు. కొలిమి పక్కన కూర్చున్నాడు. ఏతబార్ అనేది అమ్మేవాడి జబాన్ మీద పుట్టదు, కొనేవాడి ఇమ్తెహాన్‌లో పుడుతుంది.

ఇది తెలంగాణ మాటే కాదు, మన పక్క మాట కూడా. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ మైసూరు రాజ్యం తిరుగుతూ, హిందూపురానికి సరిహద్దు అవతలే ఉన్న మధుగిరి ఇలాకాలో ఉక్కు కొలిములను చూసి వివరంగా రాసుకున్నాడు. మూసలో ఇనుముతో పాటు తంగేడు పుల్లలు, పచ్చి ఆకులు వేసి మూతి మూసేవారట. ఆ పుల్లల్లోని బొగ్గు పదార్థమే, అంటే కార్బనే, మెత్తటి ఇనుమును ఫౌలాద్‌గా మార్చేది. మన గట్ల మీద పూసే తంగేడు శంషీర్ల తాఖత్ అయింది!

మరి ఈ కారీగర్ల నామ్ ఏమైంది? సరుకు ఫౌలాద్‌గా ఇరాన్ వెళ్లింది. తర్వాత తల్వార్లకు డమాస్కస్ పేరు దక్కింది. 1790లలో బొంబాయి నుంచి నమూనాలు లండన్ చేరితే, మన 'ఉక్కు' అనే మాటే అక్కడ 'వూట్జ్' అయిందంటారు. జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ ఛురీల కారీగర్ ఆ ఉక్కును మెచ్చుకుని, మైకేల్ ఫారడేతో కలిసి దాని మీద ప్రయోగాలు చేశాడు. ఆ పేర్లు కితాబుల్లో మిగిలాయి. మూస కట్టిన చేతుల పేర్లు మిగల్లేదు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. హిందూపురం పక్కన తూముకుంటలో ఉక్కు ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా అంటారు. కానీ ఇళ్ల కడ్డీలో కార్బన్ మహా అయితే 0.3 శాతం. దానికి పదును నిలవదు. పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, ఆ రేకు కూడా మెత్తనిదే. ధర్మవరం జంక్షన్ చుట్టూ పట్టాల క్లిప్పులు ఊరిస్తాయి, అవి నిజంగానే స్ప్రింగ్ ఉక్కు. కానీ అది రైల్వే మాల్. 1966 కానూన్ ప్రకారం దగ్గర పెట్టుకోవడమే జుర్మ్. దాని జోలికి పోవద్దు.

ఇక మిగిలేది గుజిరీలో దొరికే లారీ కమాన్ పట్టీ. అది మంచిదే, కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం. కానీ లారీ కింద ఏళ్ల తరబడి వంగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లు ఉండొచ్చు. అందుకే కొత్తవాళ్లకు నా నసీహత్: బెంగళూరు పీణ్యా వైపు టూల్ స్టీల్ దుకాణాల్లో గ్రేడ్ అడిగి, టెస్ట్ సర్టిఫికెట్ చూసి, ఈఎన్ 45 లాంటి సాదా స్ప్రింగ్ ఉక్కు కొనండి. కొన్నదంతా ఒకే తడవ సరుకై ఉండాలి. ఒక్కో ముక్క మీద గ్రేడ్ రాసి పెట్టుకోండి.

తర్వాత హాజీ చేసిన పని మీరూ చేయండి. వేలెడు ముక్క కోసి, అయస్కాంతం అంటనంత ఎర్రగా కాల్చి, ఇంకొంచెం వేడి చేసి, గోరువెచ్చటి నూనెలో ముంచండి. చల్లారాక ఆకురాయి దాని మీద జారిపోవాలి. గట్టిగా పట్టుకుని రుద్దుకుపోతే ఆ ముక్క గట్టిపడలేదు, ఆ ఉక్కు ఛురీకి పనికిరాదు. జారితే, కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డ చుట్టి విరగ్గొట్టి చూడండి. లోపలి రవ్వ సన్నగా, బూడిద రంగులో ఉండాలి. చక్కెరలా మెరిస్తే వేడి మించిపోయిందని అర్థం.

ఇంత జహమత్ ఎందుకంటారా? బక్రీద్ నాడు మొద్దు ఛురీ జానవర్‌కు తక్లీఫ్. పెళుసు ఛురీ విరిగితే మీ చేతికే జఖమ్. ఉక్కు కొన్న దుకాణదారు అప్పుడు అక్కడ ఉండడు, పిడి పట్టుకున్న మీరే ఉంటారు.