పుట్టుకే నేరమైన పిల్లలు

ఏలూరు, తాడేపల్లిగూడెం సంతల్లో బుట్టలు, చేటలు అమ్మే ఎరుకల కుటుంబాలు ద్వారకా తిరుమల చుట్టుపక్కల వారికి కొత్త కాదు. ఆ కులంలో పుట్టిన బిడ్డను తల్లి నుంచి విడదీసే అధికారం ఒకప్పుడు ప్రభుత్వానికి ఉండేదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

పూర్వం ఎరుకలవారు కోస్తా ఉప్పును ఎడ్ల మీద, గాడిదల మీద మెట్ట సీమలకు చేరవేసి, అక్కడి ధాన్యం తెచ్చేవారు. ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది. రైలు వచ్చి బాడుగ పోయింది. అటవీ చట్టాలు మేతను, వెదురును దూరం చేశాయి. 1876-78 నాటి ధాత కరువు ఉన్న పశువులనూ మింగింది. బతుకుతెరువు పోయి ఊళ్లు తిరిగిన వారిని ప్రభుత్వం దొంగలుగా చూసింది.

1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పెద్దలకు వేలిముద్రలు, హాజరు, ఊరు దాటితే పాసు. పిల్లల కోసం వేరే ఏర్పాటు ఉంది. 1897 సవరణతోనే వారిని వేరుగా ఉంచే సంస్కరణ శిబిరాలకు వీలు కల్పించారు. 1911 చట్టంలోని 17వ సెక్షన్ కన్నవారి నుంచి పిల్లలను తీసుకెళ్లి ప్రత్యేక బడుల్లో పెట్టే అధికారం ఇచ్చింది. ఏ బిడ్డా ఏ తప్పూ చేయనక్కర్లేదు, ఆ ఇంట పుడితే చాలు. నేరం రక్తంలో ఉంటుందన్న నమ్మకమే దానికి పునాది.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఈ చట్టం కింద సెటిల్‌మెంటుగా ఆ కాలంలోనే వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టి, పాలనను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కావలి సెటిల్‌మెంటు అమెరికన్ బాప్టిస్టు మిషను చేతికి వచ్చింది. పెద్దలు మారరు, పిల్లలను మార్చాలన్నది ఈ సంస్కర్తల ఆలోచన. చదువు చెప్పడం మంచిదే. కానీ అమ్మానాన్నలే చెడు సావాసమని బిడ్డకు నేర్పే చదువు ఆ బిడ్డను సగం అనాథను చేస్తుంది.

ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియాలోనూ ఇదే జరిగింది. న్యూ సౌత్ వేల్స్‌లో 1915 సవరణ తరువాత ఆదివాసీ బిడ్డను తీసుకెళ్లడానికి కోర్టులో కారణం రుజువు చేసే పని కూడా లేకపోయింది. అక్కడ 1997లో విచారణ నివేదిక వెలువడింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

మన దగ్గర మద్రాసు ప్రభుత్వం 1947లో నేరస్థ తెగల చట్టాన్ని ఎత్తివేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. ముద్ర మాత్రం చెరగలేదు. 1970లలో కవి జాషువా కుమార్తె హేమలతా లవణం, లవణం దంపతులు స్టువర్టుపురం వెళ్లి అక్కడివారి మధ్య పనిచేశారు. 1991లో మన సినిమాలు ఆ ఊరి పేరునే దొంగలకు తగిలించి అమ్ముకున్నాయి.

ఈ చట్టం కథ మన బడి పుస్తకాల్లోకి రావాలి. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఎరుకల పేటకు వెళ్లే అలవాటు ఆగాలి. బడిలో ఎరుకల బిడ్డ తన కులం పేరు తల దించుకోకుండా చెప్పగలిగినప్పుడే 1952 రద్దు నిజంగా అమలైనట్టు.