బొల్లి వ్యాధి అవగాహన: చారిత్రక పరిణామం

లక్ష్యాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• బొల్లిని కుష్ఠువుగా పొరబడటానికి గల చారిత్రక కారణాలను వివరించగలుగుతారు.
• బొల్లిలో రోగనిరోధక వ్యవస్థ పాత్ర ఏ ఆధారాలతో రుజువైందో చెప్పగలుగుతారు.

1. పరిచయం
"చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుంది" అనే మాట కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల విద్యార్థులైన మీకు కొత్త కాదు. తెల్ల మచ్చ కనిపిస్తే అంటుకుంటుందని భయపడటం, పెళ్లి సంబంధాలు తప్పిపోవడం కూడా మీరు చూసే ఉంటారు. ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. అది తొలగడానికి కావలసిన జ్ఞానానికీ ఒక చరిత్ర ఉంది.

2. పేరు తెచ్చిన చిక్కు
అథర్వవేదంలోనే తెల్ల మచ్చల ప్రస్తావన 'కిలాస' అనే పేరుతో ఉంది. సుశ్రుతుడు కిలాసను కుష్ఠంలో ఒక భేదంగా చెబుతూనే, అది చర్మానికే పరిమితమనీ, స్రావం ఉండదనీ తేడా చూపాడు. ఆయుర్వేదంలో 'కుష్ఠం' అనేది అనేక చర్మవ్యాధులకు ఉమ్మడి పేరు. కాలక్రమంలో ఆ పదం ఒకే వ్యాధికి స్థిరపడింది. 'శ్వేతకుష్ఠు' అనే పేరు మాత్రం బొల్లికి మిగిలిపోయింది. పేరుతోపాటు వెలి కూడా వచ్చింది.

3. డిచ్‌పల్లి: కుష్ఠువుకు ప్రత్యేక వైద్యం
1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠువుకు కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. నిజాం రాజ్యంలో, ఈ రెండు జిల్లాలకు పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో, ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు 1915లో కుష్ఠు ఆసుపత్రిని ప్రారంభించారు. స్థానిక దాత రాజా నర్సాగౌడ్ అందుకు ఆర్థిక సాయం చేశారు. ఆ కాలపు ప్రధాన ఔషధం చాల్‌మూగ్రా నూనె. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తరువాత కుష్ఠువు పూర్తిగా నయమయ్యే వ్యాధి అయింది.

ఈ రెండు వ్యాధుల తేడాను మీరు గుర్తుంచుకోవాలి. కుష్ఠు మచ్చ సాధారణంగా పాలిపోయి గానీ ఎర్రగా గానీ ఉంటుంది. అక్కడ స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది. స్పర్శ మామూలుగానే ఉంటుంది. బొల్లికి సూక్ష్మజీవి ఏదీ లేదు, కనుక అది అంటుకోదు. అయితే చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలను నాశనం చేస్తున్నది ఏది?

4. సమాధానం కోసం అన్వేషణ
బొల్లి ఉన్నవారిలో కొందరికి థైరాయిడ్ వ్యాధులు కూడా ఉండటాన్ని వైద్యులు గమనించారు. ఆ వ్యాధుల్లో అనేకం శరీరం తన కణాలపైనే దాడి చేయడం వల్ల వచ్చేవి. బొల్లి కూడా అటువంటిదేనా అనే అనుమానం అలా బలపడింది. 1983లో అమెరికా పరిశోధకులు బొల్లి రోగుల రక్తంలో వర్ణకణాలకు వ్యతిరేకంగా పనిచేసే ప్రతిదేహాలను కనుగొన్నారు. కానీ అవి కారణమా, ఫలితమా అన్నది తేలలేదు.

2009లో నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రయోగం బలమైన ఆధారం ఇచ్చింది. మచ్చ అంచుల్లోని టి-కణాలను అదే రోగి మామూలు చర్మపు ముక్కతో కలిపినప్పుడు, అవి అందులోని వర్ణకణాలను చంపాయి. సాధారణంగా వైరస్ సోకిన కణాలను వెతికి చంపే సైన్యం ఇక్కడ సొంత కణాలనే శత్రువులుగా భావిస్తున్నదన్న మాట. ఆ టి-కణాలు ఇంటర్‌ఫెరాన్-గామా అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో చర్మకణాలు పంపే సంకేతాలు మరిన్ని టి-కణాలను అక్కడికి రప్పిస్తాయి. మచ్చ విస్తరించడానికి ఇదొక ముఖ్య కారణం. కొన్ని టి-కణాలు చర్మంలోనే ఉండిపోతాయి. అందుకే నయమైన చోటనే మచ్చ తిరిగి రావచ్చు.

5. చికిత్స: పాత అనుభవం, కొత్త జ్ఞానం
మన వైద్యులు బావంచాలు వాడి, మచ్చకు ఎండ తగలనిచ్చేవారు. ఈజిప్టులో మరొక మొక్కతో ఇదే పద్ధతి ఉండేది. రెండింటిలోనూ ఉన్నవి సొరాలెన్లనే పదార్థాలు. 1940లలో కైరో వైద్యుడు ఎల్ మోఫ్తీ వాటిని శుద్ధ రూపంలో ప్రయోగించాడు. అతినీలలోహిత కిరణాలు టి-కణాల దాడిని తగ్గిస్తాయి; వెంట్రుకల కుదుళ్లలో మిగిలిన వర్ణకణాలను మేల్కొలుపుతాయి. అందుకే రంగు మొదట వెంట్రుకల చుట్టూ చుక్కలుగా తిరిగి వస్తుంది. అయితే బావంచాలను సొంతంగా వాడితే చర్మం కాలి బొబ్బలెక్కే ప్రమాదం ఉంది. ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని అడ్డుకునే రుక్సోలిటినిబ్ లేపనానికి 2022లో అమెరికాలో అనుమతి లభించింది.

6. సారాంశం
బొల్లి పాప ఫలం కాదు, ఆహార దోషం కాదు, కుష్ఠువు కాదు. అది రోగనిరోధక వ్యవస్థ దారితప్పడం వల్ల వచ్చే వ్యాధి. వంశపారంపర్య ప్రభావం కొంత ఉన్నా, చాలామంది రోగుల కుటుంబాల్లో మరెవరికీ ఈ వ్యాధి ఉండదు. మచ్చ ఏదైనా ముందుగా చర్మవ్యాధుల వైద్యునికి చూపించాలి: కుష్ఠువైతే త్వరగా మందు మొదలుపెట్టి వైకల్యాన్ని నివారించవచ్చు, బొల్లి అయితే వెలి భయం నుంచి ఒక మనిషిని కాపాడవచ్చు.

మీ అవగాహనను పరీక్షించుకోండి
1. 'శ్వేతకుష్ఠు' అనే పేరు బొల్లి ఉన్నవారి సామాజిక స్థితిపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.
2. 1983, 2009 పరిశోధనల్లో ఏది బలమైన ఆధారం? ఎందుకు?
3. మీ ఊరిలో బొల్లి గురించి వినిపించే ఒక నమ్మకాన్ని రాసి, ఈ పాఠం ఆధారంగా పరిశీలించండి.